గ్రేహౌండ్‌కి క్రియాటినిన్ 1.8 వస్తే

ఎనిమిదేళ్లు దాటిన గ్రేహౌండ్‌కి, అంటే పరుగుపందేలకి పేరుపడ్డ సన్నని జాతి కుక్కకి, రక్తపరీక్ష చేయిస్తారు. రిపోర్టులో క్రియాటినిన్ 1.8, పక్కన ‘ఎక్కువ’ అని గుర్తు. కిడ్నీలు పోయాయనుకుని ఆ పూటే తిండి మార్చేసేవాళ్లున్నారు. ఆగండి. అది గ్రేహౌండ్.

క్రియాటినిన్ అనే వ్యర్థం పుట్టేది కండలో, దాన్ని రక్తం నుంచి వడగట్టేది కిడ్నీ. ఈ జాతికి ఒంట్లో కొవ్వు తక్కువ, కండ ఎక్కువ. అందుకే కిడ్నీలు చక్కగా పనిచేస్తున్నా రక్తంలో క్రియాటినిన్ కాస్త పైనే ఉంటుంది. మిగతా జాతుల్లో సగటున డెసీలీటరుకి ఒక మిల్లీగ్రాము దగ్గర ఉండేది, వీటిలో 1.6 దగ్గర ఉంటుంది. కిడ్నీ జబ్బు దశలు చెప్పే ఐరిస్ పట్టికలో రెండో దశ 1.4 దగ్గరే మొదలవుతుంది. ఆ ఒక్క గడే చూస్తే హాయిగా పరుగులు తీసే గ్రేహౌండ్ కూడా కిడ్నీ పేషెంటే అవుతుంది. కిడ్నీ పనితీరు చెప్పే మరో రక్తపరీక్ష, కండతో పెద్దగా సంబంధం లేని ఎస్‌డీఎంఏ ఉంది కదా అంటే, అదీ ఈ జాతిలో ఒక మెట్టు ఎక్కువే. 14 దాటగానే ల్యాబ్ గుర్తు పెడుతుంది. 15, 16 మాత్రమే చూసి జబ్బని తేల్చకూడదు.

కాబట్టి పోల్చాల్సింది ల్యాబ్ హద్దులతో కాదు, మీ కుక్క పాత అంకెలతో. ఆరేడేళ్ల వయసులో, ఏ జబ్బూ లేనప్పుడు, కొన్ని వారాల తేడాతో రెండుసార్లు పరీక్ష చేయించి కాగితాలు దాచండి. ప్రతిసారీ అదే ల్యాబ్, అదే పద్ధతి: ముందు పది, పన్నెండు గంటలు తిండి పెట్టకూడదు, నీళ్లు మాత్రం ఆపకూడదు. ముందు పూట తిన్న మాంసమే క్రియాటినిన్‌ని పెంచుతుంది. ఒంట్లో నీరు తగ్గినా అంతే. ఎప్పుడూ 1.5 ఉండే కుక్కకి 2.0 వచ్చి, రెండు మూడు వారాల తర్వాతా అలాగే ఉంటే అప్పుడు పట్టించుకోవాలి. ఎనిమిదేళ్ల నుంచి ఆరు నెలలకోసారి చేయిస్తే ఈ మార్పు కంటపడుతుంది.

దీనికి తిరగబడిన పొరపాటు ఇంకా ప్రమాదం. వయసుతో కండ కరిగిపోతుంది, దాంతో క్రియాటినిన్ కూడా దిగుతుంది. నిరుడు 1.7, ఈ ఏడు 1.4 అని సంబరపడేలోపు కిడ్నీ లోపల్లోపల దెబ్బతింటూ ఉండొచ్చు. వారానికోసారి బరువు చూడండి. అంతకన్నా ముఖ్యం, అరచేతిని వెన్ను మీద మెడ నుంచి తోక దాకా మెల్లగా పోనివ్వండి. ఆరోగ్యంగా ఉన్న గ్రేహౌండ్‌లో కూడా కొద్దిగా వెన్నుపూసలు తగులుతాయి, కానీ వాటికి రెండు వైపులా గట్టి కండ ఉంటుంది. ఆ కండ పల్లమై వేళ్లు దిగబడుతుంటే, వెనక తొడల గుండ్రదనం తగ్గుతుంటే, డాక్టరుకి ఆ మాట చెప్పి క్రియాటినిన్‌తో పాటు ఎస్‌డీఎంఏ కూడా అడగండి.

రక్తం కన్నా ముందే మాట్లాడేది మూత్రం. క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీ పనిలో సగానికి పైగా పోయి ఉంటుంది. మూత్రాన్ని చిక్కబరిచే శక్తి దానికంటే ముందే తగ్గడం మొదలవుతుంది. తెల్లవారి మొదటి మూత్రమే పట్టాలి, రాత్రంతా నీళ్లు తాగకుండా నిలవున్నది అదే. పొడుగు కాడ ఉన్న శుభ్రమైన గరిటె చాలు. కుక్క మొదలుపెట్టిన రెండు సెకన్ల తర్వాత, నెమ్మదిగా, పక్క నుంచి అందించండి. ముందే చూపిస్తే ఆపేస్తుంది. ఆడకుక్క కిందికి వంగుతుంది కాబట్టి లోతులేని పళ్లెం వెనక నుంచి జరపడం సులువు. అరగంటలో ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టి, ఆ పూటే అందించండి.

చిక్కదనం, అంటే స్పెసిఫిక్ గ్రావిటీ, రిఫ్రాక్టోమీటర్‌తోనే (చుక్క మూత్రంలో కాంతి వంగే తీరుతో చిక్కదనం కొలిచే పరికరం) చూడాలి. రంగుల స్ట్రిప్ మీద ఆ గడి నమ్మదగ్గది కాదు. 1.030 పైన ఉంటే మంచిదే. 1.008–1.012 మధ్యే మళ్లీ మళ్లీ వస్తుంటే కిడ్నీ చిక్కబరచలేకపోతోందన్నమాట. స్టెరాయిడ్లు, మూత్రం ఎక్కువ చేసే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, అవి కూడా పల్చన చేస్తాయి. అదే సీసాతో ప్రోటీన్–క్రియాటినిన్ నిష్పత్తి చేయించవచ్చు: 0.2 లోపు నిశ్చింత, 0.5 దాటి నిలిస్తే వైద్యం కావాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఈ అంకె పెరుగుతుంది కాబట్టి ముందు అది లేదని తేల్చుకోవాలి.

ఇంట్లో నీళ్ల లెక్క: పొద్దున కొలిచి పోయండి, మర్నాడు మిగిలింది కొలిచి తీసేయండి, వరసగా మూడు రోజులు. కిలోకి రోజుకి 100 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ తాగుతున్నట్టే. 30 కిలోల కుక్కకి అది మూడు లీటర్లు. తడి తిండి పెడితే నీళ్లు తక్కువ తాగుతుంది, కాబట్టి ఆ మూడు రోజులూ తిండి మార్చకండి.

బీపీ కూడా చూడాలి. ఈ జాతిలో అదీ కాస్త ఎక్కువే, పైగా క్లినిక్ భయంతో ఇంకా ఎగురుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పది నిమిషాలు పడుకోబెట్టి, మొదటి కొలత వదిలేసి, తర్వాతి ఐదారింటి సగటు తీసుకోవాలి. అలా చేసినా వేర్వేరు రోజుల్లో పై అంకె 160 దాటుతుంటే కిడ్నీకీ, కళ్లకీ ముప్పే.

హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, సంగతి చాలామంది గమనించరు. గ్రేహౌండ్‌కి అది 50 నుంచి 60 పైదాకా మామూలు. కిడ్నీ జబ్బు ముదిరితే రక్తం తగ్గుతుంది. 55 ఉండేది 40కి దిగినా రిపోర్టులో ఏ గుర్తూ ఉండదు, ఎందుకంటే మిగతా కుక్కలకి 40 సరైనదే.

ముసలి గ్రేహౌండ్‌కి కీళ్లనొప్పులకి ఇచ్చే మెలాక్సికామ్, కార్‌ప్రోఫెన్ లాంటి మందులు ఒంట్లో నీరు తగినంత ఉన్నంతవరకే సురక్షితం. కిడ్నీకి రక్తం అందేలా చూసే ప్రోస్టాగ్లాండిన్లను అవి అడ్డుకుంటాయి. నీరు తగ్గినప్పుడు కిడ్నీకి ఆ ప్రోస్టాగ్లాండిన్లే ఆధారం. అందుకే వాంతులు, విరేచనాలు అవుతున్నా, తిండి మానేసినా ఆ రోజు మాత్ర వేయకుండా డాక్టరుకి ఫోన్ చేయండి. చివరి మాత్ర ఎప్పుడు, ఎంత వేశారో రాసిన కాగితం దగ్గరుంచుకోండి, వాళ్లు ముందుగా అడిగేది అదే.