డీజే సెట్ కొన్నాను, రెండుసార్లు

నిన్న రాత్రి నా రెండో కంట్రోలర్, అంటే లాప్‌టాప్‌లో పాటలు కలిపే డీజే పలక, ఇంటికి తెచ్చుకున్నాను. వైర్లు తగిలించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, తర్వాతి పాటని ముందుగా నాకొక్కడికే వినిపించే క్యూ బటన్ నొక్కాను. స్పీకర్లో ఒక పాట, నా చెవిలో ఇంకో పాట. ఈ మాత్రం దానికి ఏడు నెలలు పట్టింది. మొదటి సెట్ మీద పెట్టిన డబ్బంతా నీళ్లపాలైంది. ఇరవై మంది ముందు పరువు పోయింది. కోపం చల్లారితే అన్నీ మర్చిపోతానని ఇప్పుడే రాస్తున్నాను.

ఏ సెట్ కొనాలని మొదట ఒక సీనియర్‌ని అడిగాను. అదే నా మొదటి తప్పు. "డీజే అంటే టర్న్‌టేబులే తమ్ముడూ, మిగతావన్నీ బొమ్మలు" అన్నాడు. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 అనే రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ గురించి గంటసేపు చెప్పాడు. 1972లో వచ్చిందట, బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్లాన్ని తిప్పుతుందట, 1979లో వచ్చిన ఎంకే2 మోడల్‌ని క్లబ్బులన్నీ నెత్తిన పెట్టుకున్నాయట. చెప్పినవన్నీ నిజాలే, కాదనను. కానీ అలాంటివి రెండు కావాలి, మధ్యలో రెండిటి శబ్దాన్నీ కలిపే మిక్సర్ కావాలి, రికార్డు మీద నడిచే ముళ్లు కావాలి, ప్రతి పాటకీ ఒక రికార్డు కావాలి. నా చేతిలో ఉన్న డబ్బుకి అందులో ఒక టర్న్‌టేబుల్ మూత కూడా రాదు. ఆయనగారి రెండు టర్న్‌టేబుళ్లూ మామయ్య ఇచ్చినవని తర్వాత తెలిసింది. సెట్ ఊరికే వచ్చినవాడి దగ్గర బడ్జెట్ సలహా తీసుకోకండి.

కాబట్టి కంట్రోలరే. పాటని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పే రెండు చక్రాలు (జాగ్ వీల్స్), మధ్యలో మిక్సర్, కింద నొక్కే ప్యాడ్లు అన్నీ ఒకే పలకలో ఉంటాయి, యూఎస్‌బీతో లాప్‌టాప్‌కి తగిలించాలి. పాటలుండేది లాప్‌టాప్‌లోనే. నా లాప్‌టాప్ పాతదే, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. అది చాలింది. సాఫ్ట్‌వేర్‌కి పైసా పెట్టలేదు. మిక్స్ అని ఒకటుంది, ఇంగ్లీషులో రాస్తే చివర మూడు ఎక్స్‌లుంటాయి, పూర్తిగా ఉచితం.

ఇక షాపు సంగతి. పేరు చెప్పను. చెప్తే వాడికి ఉచిత ప్రచారం.

కౌంటర్ దగ్గర కుర్రాడు ఒక కంట్రోలర్ తీసి ఆన్ చేశాడు. పదహారు ప్యాడ్లూ రంగురంగుల్లో వెలిగాయి. జాగ్ వీల్ చుట్టూ కూడా లైటు. నా కళ్లు అక్కడే అతుక్కుపోయాయి. నేను అడిగిన తెలివైన ప్రశ్న ఒక్కటే: "హెడ్‌ఫోన్ ఎక్కడ పెట్టాలి?" వాడు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "లాప్‌టాప్‌కే సార్, ఇప్పుడన్నీ అంతే."

మరి స్పీకర్ ఎక్కడ పెట్టాలి అని అడగాలి కదా? అడగలేదు. అడిగితే నాకేం తెలియదని వాడికి తెలిసిపోతుందని భయం. అన్నీ తెలిసినవాడిలా తలూపి, డబ్బు కట్టి, పెట్టె చంకన పెట్టుకుని వచ్చేశాను.

ఇంట్లో మూడు వారాలు ప్రాక్టీస్ చేశాను. రాత్రిపూట కాబట్టి స్పీకర్ పెట్టేవాణ్ని కాదు, లాప్‌టాప్‌కి హెడ్‌ఫోన్ ఒక్కటే. క్యూ బటన్ నొక్కితే లైటు వెలిగేది, చెవిలో మాత్రం ఏ మార్పూ లేదు. నా చెవికే తేడా తెలియట్లేదేమో అనుకున్నాను! రెండో పాట మొదలెక్కడో వినాలంటే దాని ఫేడర్, అంటే శబ్దం పెంచి తగ్గించే మీట, కొంచెం పైకి జరిపేవాణ్ని. పాట వినపడేది, సరిచూసుకునేవాణ్ని, మళ్లీ కిందికి. వింటున్నది నేనొక్కణ్నే కాబట్టి ఇందులో తప్పేంటో నాకు తట్టలేదు. బాగా వచ్చేస్తోందని కూడా అనుకున్నాను.

స్నేహితుడి పుట్టినరోజు వచ్చింది. మేడ మీద, ఇరవై మంది. "మ్యూజిక్ నేను చూసుకుంటా" అని వారం ముందు నుంచీ చెప్పుకు తిరిగాను. స్పీకర్ వైర్ లాప్‌టాప్‌లో పెట్టాను. హెడ్‌ఫోన్ చేతిలో పట్టుకుని దాన్ని ఎక్కడ పెట్టాలా అని చూశాను. లాప్‌టాప్‌కి ఉన్న సాకెట్ ఒక్కటే, అందులో స్పీకర్ ఉంది. కంట్రోలర్‌ని ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను. యూఎస్‌బీ రంధ్రం తప్ప ఏమీ లేదు. పలకని తలకిందులు చేసి అడుగున కూడా వెతికాను. అందరూ నన్నే చూస్తున్నారు. హెడ్‌ఫోన్ మెడలో వేసుకున్నాను. దాని వైరు జేబులో పెట్టుకున్నాను. అవును, జేబులోనే. పనిచేస్తున్నట్టు కనపడాలి కదా.

మొదటి పాట బాగానే నడిచింది. రెండో పాట తేవాలి. మొదటి బీట్ ఎక్కడుందో తెలియాలంటే వినాలి, వినాలంటే ఫేడర్ జరపాలి. ఇంట్లో చేసినట్టే జరిపాను. నాకు వినపడింది, ఇరవై మందికీ వినపడింది. నడుస్తున్న పాట మీద ఇంకో పాట "డుబ్" అని పడి ఆగింది. వెనక్కి తిప్పాను, గుర్రుమంది. మళ్లీ "డుబ్". మళ్లీ గుర్రు. నాలుగోసారికి డాన్స్ చేస్తున్నవాళ్లు ఆగిపోయారు. వెనక నుంచి ఎవరో "ఏంట్రా, క్యాసెట్ చుట్టుకుపోయిందా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను. కంగారులో క్రాస్‌ఫేడర్, అంటే ఒక పాట నుంచి ఇంకో పాటకి మార్చే అడ్డ మీట, తోస్తే ఏ పాటా వినపడకుండా పోయింది. ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉందో కానీ నాకు మాత్రం ఒక యుగం. ఒకావిడ వచ్చి, చాలా మర్యాదగా, అదే ఎక్కువ బాధ, "బాబూ, మా అమ్మాయి ఫోన్‌లో పాటలున్నాయి, పెట్టమంటావా?" అంది.

ఆ అమ్మాయికి పదకొండేళ్లు. ఫోన్ తగిలించి ఒక ప్లేలిస్ట్ నొక్కి వెళ్లి ఆడుకుంది. రాత్రి పన్నెండు దాకా అందరూ దానికే గంతులేశారు. నేను లైట్లు వెలుగుతున్న నా పలక పక్కన, వైరు జేబులో పెట్టుకుని కూర్చున్నాను.

తర్వాత చదివితే తెలిసింది, నేను కొన్నదాంట్లో శబ్దాన్ని బయటికి పంపే సౌండ్ కార్డే లేదు. అది బటన్లున్న రిమోట్, అంతే. శబ్దమంతా లాప్‌టాప్ నుంచే, ఒకే దారిలో వస్తుంది. డీజే పనికి రెండు వేరు దారులు కావాలి. జనానికి వెళ్లేది మాస్టర్, డీజే చెవికి వచ్చేది క్యూ. ఒక్కోటి స్టీరియో, అంటే ఎడమ కుడి రెండూ, కాబట్టి మొత్తం నాలుగు ఛానళ్లు. 1970ల్లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే కుర్రాడు, ఎలక్ట్రానిక్స్ చదువుకున్నవాడు, రెండో రికార్డుని జనం కంటే ముందు తను వినడానికి మిక్సర్‌కి సొంతంగా ఒక స్విచ్ అమర్చుకున్నాడు. దానికి పీకాబూ సిస్టమ్ అని పేరు. యాభై ఏళ్ల కిందట చేతిలో డబ్బుల్లేని కుర్రాడు కూడా అదొక్కటి లేకుండా పని జరగదని కనిపెట్టాడు. నేను పదహారు రంగుల ప్యాడ్లు కొని అది వదిలేశాను.

షాపుకి వెళ్లి అడిగితే "మీరు అడగలేదు కదా సార్" అన్నాడు. అడిగాను కదరా! హెడ్‌ఫోన్ ఎక్కడ పెట్టాలని అడిగాను కదా! పెట్టె విప్పాక వాపసు లేదన్నాడు. రసీదు వెనక నిజంగానే అలా ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఉన్నదాన్నే వాడుకుందామని అతుకుల బొంత పనులు మొదలుపెట్టాను. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టి చూశాను. శబ్దం చెవికి మామూలుగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. 120 బీపీఎం, అంటే నిమిషానికి 120 బీట్లుండే పాటలో బీట్‌కీ బీట్‌కీ మధ్య ఉండేది 500 మిల్లీసెకన్లు. అంటే బీట్‌లో అయిదో వంతు నుంచి దాదాపు సగం దాకా వెనక వింటూ బీట్ కలపాలి. రైలు వెళ్లిపోయాక పచ్చజెండా ఊపినట్టు. పాటలు వినడానికి బ్లూటూత్ బాగుంటుంది, డీజేకి పనికిరాదు, ఎంత ఖరీదైనదైనా సరే.

తర్వాత వై ఆకారంలో ఉండే స్ప్లిటర్ వైర్ కొన్నాను. అది ఇద్దరు స్నేహితులు ఒకే పాట వినే రకమట. రెండు వైపులా అదే శబ్దం. డీజే స్ప్లిటర్ వేరే. అది ఎడమ ఛానల్‌ని స్పీకర్‌కీ కుడి ఛానల్‌ని హెడ్‌ఫోన్‌కీ విడగొడుతుంది, సాఫ్ట్‌వేర్‌లో కూడా అలాగే సెట్ చేసుకోవాలి. పైకి రెండూ కవల పిల్లలు. రెండోది కొంటే పని నడిచింది కానీ స్టీరియో పోయి అంతా మోనో. పయనీర్ డీడీజే-200 లాంటి కంట్రోలర్లతో ఆ వైరు పెట్టెలోనే ఇచ్చేవారు, అసలు ఆ పద్ధతికనే చేసినవి అవి. మొదటి నెల నేర్చుకోవడానికి అదీ తప్పు కాదు, తెలిసి కొంటే.

చివరికి చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ ఒకటి తెచ్చాను. మిక్స్ సాఫ్ట్‌వేర్‌లో మాస్టర్‌ని ఒక కార్డుకి, హెడ్‌ఫోన్‌ని ఇంకో కార్డుకి పంపొచ్చు. నాలుగు నెలలు దాంతోనే నేర్చుకున్నాను. నా లాప్‌టాప్‌లో రెండు కార్డులూ ఒకే సమయానికి పలికేవి కావు. కొంచెం తేడా. ఆ కొంచెం చెవిలో జోరీగలా ఉండేది.

అయితే ఆ నాలుగు నెలల్లో ఒక మేలు జరిగింది. సింక్ బటన్ నొక్కితే రెండు పాటల బీపీఎం తనే కలుస్తుంది. నాకేమో చెవిలో వినేదానికీ బయట వినేదానికీ ఎప్పుడూ తేడా. దాంతో సింక్ ఆపేసి, వేగం మార్చే టెంపో స్లైడర్‌తో, చెవితో కలపడం నేర్చుకున్నాను. ఇప్పుడు తెర మూసేసి రెండు పాటలు కలుపుతాను. టర్న్‌టేబుల్ సీనియర్‌కి పోయిన వారం రికార్డింగ్ పంపాను. చూశాడు, నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

ఈసారి కొనేటప్పుడు లైట్లవైపు చూడనే లేదు. పలకని తిప్పి మొట్టమొదట వెనక భాగం చూశాను. మాస్టర్ అని రాసి ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్లుండాలి. హెడ్‌ఫోన్ సాకెట్ ఆ పలకకే ఉండాలి, దానికి వేరే వాల్యూమ్ నాబ్ ఉండాలి. రెండూ ఉంటే లోపల సౌండ్ కార్డ్ ఉన్నట్టే. హెర్క్యులీస్ ఇన్‌పల్స్ 300 చూశాను, బీట్ కలవకపోతే ఎటు జరపాలో బాణం లైట్లు చూపిస్తుంది. కొత్తవాళ్లకి మంచిదే, చెవితో నేర్చుకున్న నాకెందుకని వదిలేశాను. పయనీర్ డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 కొత్తది నా చేతికి అందలేదు. దానికి ముందు, 2018లో వచ్చిన డీడీజే-400 సెకండ్ హ్యాండ్‌లో దొరికింది.

అమ్మే ఆయన ఇంటికి లాప్‌టాప్, హెడ్‌ఫోన్ పట్టుకెళ్లాను. ఆయన మొహం మాడ్చుకున్నా సరే, అరగంట వాయించి చూశాను. ప్రతి ఫేడర్‌నీ మెల్లగా పైకీ కిందికీ జరిపి గరగర వస్తోందేమో విన్నాను. హెడ్‌ఫోన్ పిన్ను కొంచెం కదిపి ఒక చెవి పోతోందేమో, యూఎస్‌బీ వైరు కదిపితే కనెక్షన్ తెగుతోందేమో చూశాను. ఒక ప్యాడ్ గట్టిగా నొక్కితేనే పలుకుతోంది, దానికి బేరమాడి తగ్గించాను. మీరు కొనేది ఇంకా పాత మోడల్ అయితే ఇప్పటి విండోస్‌కో మ్యాక్‌కో డ్రైవర్ ఉందో లేదో బయల్దేరకముందే కంపెనీ సైట్‌లో చూసుకోండి. డ్రైవర్ లేనిది ఊరికే ఇచ్చినా వద్దు.

హెడ్‌ఫోన్ చెవిని పూర్తిగా మూసేది, వైరు ఉన్నది కొనండి. స్పీకర్లు ఇంట్లో ఏవుంటే అవే, ఆక్స్ సాకెట్ ఉంటే చాలు. మిగిలిన డబ్బు ఉంటే పాటల మీద పెట్టండి, 320 కేబీపీఎస్ నాణ్యతవి. ఇంకొకటి, మిక్స్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగ్ ఉంటుంది. నా రికార్డింగులు నేను విన్నప్పుడు తెలిసినన్ని తప్పులు ఏ వీడియో చూసినా తెలియలేదు.

పాత పలకని అమ్మకానికి పెట్టాను. పొద్దున ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. గొంతు వింటే ఇంటర్ చదువుతున్నట్టున్నాడు. "అన్నా, లైట్లు సూపర్‌గా ఉన్నాయి, హెడ్‌ఫోన్ ఎక్కడ పెట్టాలి?" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. సౌండ్ కార్డ్ లేదు, స్ప్లిటర్ వైరు కూడా ఇస్తాను, అంతా మోనోలో వస్తుంది అన్నాను. "ఆలోచించి చెప్తా అన్నా" అని పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. పలక అలమారాలో ఉంది.