తేనెటీగల పేరా

మా అమ్మాయి తన పదవ ఏట తెలుగులో సొంతంగా రాసిన మొదటి పేరా ఇలా ఉంది: “తేనెటీగలు చాలా ముఖ్యమైనవి. అవి పువ్వుల మీద వాలుతాయి. వాటికి ఐదు కళ్లు ఉంటాయి. అవి పుప్పొడిని తీసుకెళ్తాయి. అందుకే మనం తేనెటీగలను కాపాడాలి.”

అక్షరదోషం ఒక్కటీ లేదు. ప్రతి వాక్యమూ నిజమే. తేనెటీగకు తలకు రెండు పక్కలా పెద్ద కళ్లు రెండు, నడినెత్తిన చిన్న కళ్లు మూడు ఉంటాయి. అయినా చదవడం పూర్తయ్యేసరికి, తేనెటీగలను ఎందుకు కాపాడాలో మాత్రం బోధపడలేదు. పరాయి దేశంలో పిల్లలకు ఇంట్లో తెలుగు నేర్పే మాలాంటివాళ్లం గుణింతాలు, వత్తులు దాటితే గట్టెక్కినట్టేనని భావిస్తాం. వాక్యం రాయడం వచ్చిన బిడ్డకు పేరా దానంతట అదే వస్తుందని నేనూ నమ్మాను.

ఆమె తప్పేమీ చేయలేదు. మొదటి వాక్యంలో విషయం చెప్పాలి, తర్వాత దాన్ని బలపరిచే వివరాలు రాయాలి, చివర విషయాన్ని మళ్లీ గుర్తుచేయాలి అని బడిలో నేర్పిన పద్ధతినే తెలుగులోనూ పాటించింది. పద్ధతి ప్రకారం ఏ వాక్యం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. లేనిదల్లా ఒక వాక్యానికీ మరో వాక్యానికీ మధ్య ఉండవలసిన సంబంధం. అది నాకు తెలుస్తూనే ఉన్నా, పదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో తోచలేదు. “ఇక్కడ అతకలేదు” అంటే “ఎందుకు అతకలేదు?” అని అడుగుతుంది, నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు మా అమ్మ దగ్గర దొరికింది. ఆ వారం వీడియో కాల్‌లో మనవరాలు తన పేరాను అమ్మమ్మకు చదివి వినిపించింది. కథ వినేటప్పుడు ఊఁ కొట్టినట్టే అమ్మ వాక్యం వాక్యానికీ స్పందించింది. “పువ్వుల మీద వాలుతాయి” అనగానే “ఊఁ, వాలితే?” అంది. “ఐదు కళ్లు” అనగానే “అలాగా! మరి కళ్లకూ కాపాడటానికీ ఏమిటమ్మా సంబంధం?” అంది. “పుప్పొడిని తీసుకెళ్తాయి” అన్నప్పుడు “ఎక్కడికి తల్లీ? తీసుకెళ్తే ఏమవుతుంది?” అని అడిగింది. నేను పక్కనే కూర్చుని ఆ ప్రశ్నలన్నీ కాగితం అంచున, ఆయా వాక్యాలకు ఎదురుగా రాసుకున్నాను. కాల్ ముగిశాక చూస్తే, పేరాలో లేని వాక్యాలన్నీ ఆ అంచులో ఉన్నాయి.

మన తర్కశాస్త్రం వాక్యార్థం తెలియడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు కావాలంటుంది. ఒక పదం వినగానే మరో పదం కావాలనిపించడం ఆకాంక్ష. ‘ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు’ అని వరుసగా పలికితే అది వాక్యం కాదు, ఎందుకంటే అందులో ఏ పదానికీ మరో పదం అవసరం లేదు. ‘నిప్పుతో తడిపాడు’ అంటే పదాలు కుదిరినా అర్థం పొసగదు కనుక యోగ్యత లేదు. పదాలు వెంటవెంటనే వినిపించడం సన్నిధి, జామున ఒక పదం చొప్పున పలికితే అది లేదు. ఇవి పదాల గురించి చెప్పిన మాటలే అయినా పేరాకు ఇంతకంటే మంచి కొలత నాకు ఇంతవరకు కనిపించలేదు. మా అమ్మాయి పేరా ‘ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు’ లాంటిది. ప్రతి వాక్యమూ తనంతట తాను నిలబడింది కానీ, తర్వాతి వాక్యం కోసం ఎదురుచూడలేదు. అమ్మమ్మ అడిగిన “వాలితే?” అన్న ఒక్క మాటే ఆకాంక్ష.

మరుసటి ఆదివారం అంచులోని ప్రశ్నలకు జవాబులు చెప్పమన్నాను. ఆమె చెప్పింది, నేను దిద్దకుండా రాశాను: “తేనెటీగ మకరందం కోసం పువ్వు మీద వాలినప్పుడు దాని నూగుకు పుప్పొడి అంటుకుంటుంది. ఇంకో పువ్వు మీదికి వెళ్లినప్పుడు అది అక్కడ రాలుతుంది. అలా రాలితేనే చాలా మొక్కలు కాయలు కాస్తాయి. అందుకే తేనెటీగలు రాని తోటలో పూలు బాగా పూసినా కాయలు తక్కువగా ఉంటాయి.”

రెండు పేరాలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు మరో సంగతి అర్థమైంది. మొదటిదానిలో ‘అవి’, ‘వాటికి’, ‘అవి’ అని వాక్యం మొదలైన ప్రతిసారీ కర్త తిరిగి వచ్చింది. ఇంగ్లీషులో కర్త లేనిదే వాక్యం నిలవదు కనుక ఆ అలవాటు తెలుగులోకి వచ్చింది. తెలుగులో కర్త మారనంతవరకు దాన్ని మళ్లీ చెప్పనక్కరలేదు. చెప్పకపోవడమే ఆ రెండు వాక్యాలూ ఒకే దారిలో నడుస్తున్నాయని పాఠకునికి తెలిపే గుర్తు. పైగా ‘వాలినప్పుడు’, ‘రాలితేనే’, ‘పూసినా’ వంటి అసమాపక క్రియలు కాలాన్ని, షరతును, వైరుధ్యాన్ని తమలోనే ఇముడ్చుకుంటాయి. ఇంగ్లీషు పేరా విడి మాటలతో వాక్యాల మధ్య వేసే ముడులలో చాలావాటిని తెలుగు క్రియ చివరనే వేస్తుంది. పిల్లలకు ఈ రూపాలను వ్యాకరణ పట్టికలుగా కాక పేరా కట్టే పనిముట్లుగా పరిచయం చేయాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. అయితే ‘వెళ్లి, చూసి, తీసుకుని, వచ్చి’ అని గొలుసు మరీ పొడవైతే ఏది ముఖ్యమో తెలియకుండా పోతుంది. మా అమ్మాయి ఆ తర్వాత నెల రోజులు ఆ తప్పు కూడా చేసింది.

అసలు చిక్కు ప్రశ్న ఆమే అడిగింది. “అమ్మా, మా టీచర్ ముఖ్యమైన మాట మొదట చెప్పమంటుంది. ఇందులో చివర వచ్చింది. ఏది కరెక్ట్?” పేరా మొదటి వాక్యంలోనే విషయం తెలియాలన్న నియమాన్ని స్కాట్లాండ్‌కు చెందిన అలెగ్జాండర్ బెయిన్ 1866లో తన రచనా పాఠ్యగ్రంథంలో పెట్టాడు. కానీ 1974లో రిచర్డ్ బ్రాడక్ అనే పరిశోధకుడు అమెరికా పత్రికల వ్యాసాలను పరిశీలించి చూస్తే, విషయవాక్యంతో మొదలైన పేరాలు 13 శాతమే ఉన్నాయి. మన వేమన ఉప్పునూ కప్పురాన్నీ ముందు పెట్టి, వాటి పోలికనూ రుచిలోని తేడానూ చూపించి, మనుషుల మాట మూడో పాదంలో గానీ ఎత్తడు. క్రియ చివర వచ్చే భాషలో పుట్టిన చెవికి ఆ నిరీక్షణ సహజం. నేను ఇదంతా ఆమెకు చెప్పలేదు. బడిలో పేరా చదివే టీచర్‌కు విషయం ముందు తెలియాలి కనుక అక్కడ ముందే రాయమని, తెలుగులో మాత్రం చివరి వాక్యం వైపు మిగిలిన వాక్యాలన్నీ నడుస్తున్నాయో లేదో చూసుకోమని చెప్పాను. రెండు పద్ధతులనూ నేర్చుకోవడం బిడ్డకు బరువని కొందరు అంటారు. ఆమె మనిషిని బట్టి భాష మార్చడం మూడేళ్ల నాడే నేర్చుకుంది. ఇది అంతకంటే కష్టమని నేను అనుకోను.

ఐదు కళ్ల వాక్యాన్ని తీసేయడానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు. అది తను కష్టపడి తెలుసుకున్న సంగతి. తీసేయనక్కరలేదని, దాని కోసం వేరే పేరా మొదలుపెట్టవచ్చని చెబితే ఆశ్చర్యపోయింది. పేరా మారడమంటే పొడవు ఎక్కువైనప్పుడు గీత దించడమని అంతవరకు అనుకుందట. ఇప్పుడు కాగితం అంచున పెన్సిల్‌తో “ఐదు ఎందుకు?” అని తనే రాసుకుంది. నడినెత్తిన ఉన్న మూడు కళ్లు వెలుగును గుర్తించి, ఎగిరేటప్పుడు నిలకడకు తోడ్పడతాయని చదివి, రెండు వాక్యాలు పూర్తి చేసింది. మూడో వాక్యానికి ఎదురుగా “మరి పెద్ద కళ్లు?” అని ఉంది, దాని పక్కన ఇంకా ఖాళీ ఉంది.