‘రాష్ట్రాలు ఎక్కడ?’

గ్రూప్-1 మెయిన్స్ కోసం రాసిన ఒక మాక్ టెస్టులో ‘జాతీయ వాతావరణ విధానంపై రాష్ట్రాల ప్రభావం’ అనే ప్రశ్న వచ్చింది. చదివిందే వచ్చిందని సంబరపడి క్యోటో, పారిస్ వాతావరణ ఒప్పందాలు, 2008 నాటి జాతీయ కార్యాచరణ ప్రణాళిక, దాని ఎనిమిది మిషన్లు వరసపెట్టి రాసేశాను. పదికి మూడు మార్కులు. పక్కనే ఎర్ర సిరాతో ‘రాష్ట్రాలు ఎక్కడ?’ అని ఉంది. కోపం వచ్చింది. తీరా మళ్లీ చదువుకుంటే, నా జవాబులో నిజంగానే ఒక్క రాష్ట్రం పేరూ లేదు.

ఆ రాత్రి కేంద్ర, రాష్ట్రాల మధ్య అధికారాలు పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూలు తీశాను. వాతావరణ మార్పు అన్న మాటే అందులో లేదు. వ్యవసాయం, నీరు, భూమి, ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. విద్యుత్తు, అడవులు ఉమ్మడి జాబితాలో. అంతర్జాతీయ ఒప్పందాల అమలుకు రాజ్యాంగం 253వ అధికరణ కింద పార్లమెంటు చట్టం చేయగలదు, నిజమే. కానీ సోలార్ పార్కుకు భూమి చూపించేదీ, ఆ కరెంటు కొనే డిస్కమ్‌ను, అంటే విద్యుత్ పంపిణీ సంస్థను, నడిపేదీ ఎక్కువగా రాష్ట్రమే.

అలా చూస్తే ఉదాహరణలు వాటంతటవే దొరికాయి. గుజరాత్ సౌర విధానం 2009లో వచ్చింది. జాతీయ సోలార్ మిషన్ మొదలైంది 2010 జనవరిలో. అహ్మదాబాద్ ఉదాహరణైతే రాష్ట్రానిది కూడా కాదు, నగరపాలక సంస్థది. 2010 మే నెల ఎండలకు అక్కడ మామూలుకన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారు. 2013లో ఆ నగరం వడగాడ్పుల ప్రణాళిక తెచ్చింది. 2015లో మన రెండు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వడగాడ్పులపై దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది.

రాష్ట్రాలు అడ్డం తిరిగిన సందర్భమూ రాయండి. 2019లో ఆంధ్రప్రదేశ్ పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడబోతే కేంద్రం వద్దని లేఖలు రాసింది, కంపెనీలు హైకోర్టుకెక్కాయి. 2022 నాటికి 1,75,000 మెగావాట్లన్న జాతీయ పునరుత్పాదక విద్యుత్ లక్ష్యం ఒక రాష్ట్రం చేతిలో ఎంతగా ఇరుక్కుందో దీనితో తెలుస్తుంది. రాష్ట్రాల వాతావరణ కార్యాచరణ ప్రణాళికలకు రెండు వాక్యాలు చాలు. చాలావరకు అన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి.

తర్వాతి టెస్టులో ఇదే అంశానికి ఆరున్నర వచ్చింది. ఉత్సాహం ఎక్కువై 2008 నాటి బ్రిటిష్ కొలంబియా కార్బన్ పన్నునూ జోడించాను. ఈసారి ఎర్ర సిరా ‘కెనడా ఎందుకు?’ అని అడిగింది. ప్రశ్నలో ‘భారతదేశంలో’ అన్న మాట నేను చూసుకోలేదు.