చొక్కా మీద తండ్రి పేరు

అమెరికాలోని శాన్ హోసేలో మా ఇంటి దగ్గరి పార్కులో శనివారం ఉదయం ఎనిమిది గంటలకు గడ్డి ఇంకా తడిగానే ఉంటుంది. మా అమ్మాయి బూట్ల తాళ్లు బిగించుకుంటూ, ఈరోజు కూడా తనను వెనకే నిలబెడతారా అని అడుగుతుంది. నాలుగేళ్లుగా తను ఫుట్‌బాల్‌లో డిఫెండర్‌గానే ఆడుతోంది. గోల్ కొట్టిన పిల్ల పేరు తల్లిదండ్రులందరి నోటా వినిపిస్తుంది గాని, గోల్ పడకుండా అడ్డుకున్న పిల్ల పేరు ఎవరి నోటా రాదు. చిప్ తయారీకి వెళ్లకముందే దాని డిజైన్‌లోని తప్పులను వెతికి పట్టుకోవడం పదహారేళ్లుగా నా ఉద్యోగం కనుక ఆ బాధ నాకు బాగా తెలుసు. తప్పు దొరికిన రోజు ఎవరికీ పట్టదు, దొరకకుండా పోయిన రోజు మాత్రం అందరి వేళ్లూ మా వైపే చూపిస్తాయి. అందుకే ఆమెకు నేను అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టు డిఫెండర్ నయోమి గిర్మా గురించి చెబుతుంటాను.

నయోమి ఈ ఊరి అమ్మాయే. ఇథియోపియా నుంచి వచ్చి స్థిరపడిన దంపతులకు 2000లో శాన్ హోసేలోనే పుట్టింది. ఆమె చొక్కా మీద ఉన్న 'గిర్మా' ఇంటి పేరు కాదు. ఇథియోపియాలో ఇంటి పేర్ల పద్ధతి లేదు. బిడ్డ పేరు పక్కన తండ్రి పేరు చేరుతుంది. ఆమె తండ్రి పేరు గిర్మా అవెకె. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు నా మొదటి ఉద్యోగంలో ఇచ్చిన బ్యాడ్జి గుర్తుకు వచ్చింది. దాని మీద మా ఇంటి పేరునే నా పేరుగా అచ్చువేశారు. మా వంశం మొత్తానికి చెందిన పేరుతో రెండేళ్లపాటు నన్ను ఒక్కడినే పిలుస్తుంటే, నాకు మా అమ్మ పెట్టిన పేరు ఏదో పెట్టెలో పడి ఉండిపోయినట్టు అనిపించేది.

ఇక్కడి ఇథియోపియా కుటుంబాల పిల్లల కోసం ఏర్పడిన 'మలెదా' అనే ఫుట్‌బాల్ బృందంలో ఆమె బంతి తన్నడం నేర్చుకుంది. దాన్ని నిలబెట్టినవారిలో తండ్రి ముఖ్యుడు. అమ్హారిక్ భాషలో మలెదా అంటే వేకువ. వారమంతా ఉద్యోగాలు చేసి, సెలవు రోజున పిల్లలను ఒక మైదానంలో చేర్చి, పెద్దలు తమ భాషలో నాలుగు మాటలు మాట్లాడుకునే ఆ ఏర్పాటు మనకు కొత్తది కాదు. వారాంతాల్లో పిల్లలకు అక్షరాలు దిద్దించే మన మనబడి తరగతుల వెనక ఉన్నదీ ఆ తపనే. మలెదా ఎవరినీ విజేతలుగా తయారుచేయాలని పుట్టలేదు. పిల్లలు ఒకచోట ఆడుకోవాలని పుట్టింది. నాకు అన్నిటికంటే ఎక్కువగా నచ్చేది అదే.

మన దేశంలో చదువు, ఆట వేర్వేరు దారులు. ఒకదాన్ని పట్టుకుంటే రెండోదాన్ని వదులుకోవలసి వస్తుంది. ఇక్కడ అమ్మాయిల ఫుట్‌బాల్‌కు కళాశాలే ప్రధానమైన మెట్టు. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధిస్తూ 1972లో వచ్చిన చట్టం, అబ్బాయిలతో పాటు అమ్మాయిలకూ క్రీడాజట్లను, ఉపకార వేతనాలను తెచ్చిపెట్టింది. నయోమి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సింబాలిక్ సిస్టమ్స్ (కంప్యూటర్లు, మనసు, భాష కలిసిన చదువు) చదువుతూనే ఆ జట్టుకు ఆడింది. 2019 డిసెంబరులో జాతీయ కళాశాలల ఫైనల్ శాన్ హోసేలోనే జరిగింది. నార్త్ కరోలినాతో 110 నిమిషాలు ఆడినా ఏ జట్టుకూ గోల్ రాలేదు. చివరకు స్టాన్‌ఫర్డ్ పెనాల్టీల్లో 5-4తో గెలిచింది. రెండు పెనాల్టీలు ఆపిన గోల్ కీపర్ కేటీ మేయర్ పేరు ఆ రాత్రి మారుమోగింది. మరుసటి ఏడాది నయోమి మోకాలిలో లిగమెంటు తెగి ఆ సీజన్ మొత్తం పోయింది.

2021 డిసెంబరులో అమెరికా మహిళల ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ జరిపిన డ్రాఫ్ట్‌లో, అప్పుడే కొత్తగా ఏర్పడిన శాన్ డియేగో వేవ్ జట్టు అందరికంటే ముందుగా ఆమెను ఎంచుకుంది. డ్రాఫ్ట్ అంటే ఆటగత్తె జట్టును కోరుకోవడం కాదు, జట్టే ఆమెను తీసుకోవడం. క్లయింటు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి పెట్టె సర్దుకుని వెళ్లిన మనవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. 2024లో ఆ లీగ్ డ్రాఫ్ట్ పద్ధతినే ఎత్తివేసింది, అది సరైన పని. 2022లో, లీగ్‌లో తన మొదటి ఏడాదిలోనే, ఆమె ఉత్తమ కొత్త క్రీడాకారిణి, ఉత్తమ డిఫెండర్ అనే రెండు పురస్కారాలనూ గెలుచుకుంది. ఆ ఏప్రిల్‌లోనే ఉజ్బెకిస్తాన్ మీద దేశం తరఫున మొదటిసారి ఆడింది.

దానికి నెల ముందే కేటీ మేయర్ తన ప్రాణం తాను తీసుకుంది. నయోమి 2023 ప్రపంచకప్‌ను ఆ స్నేహితురాలికి అంకితమిచ్చి, మానసిక ఆరోగ్యం గురించి తోటి క్రీడాకారిణులతో కలిసి బహిరంగంగా మాట్లాడింది. ఇక్కడ చదువుకోవడానికి వచ్చి, ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా 'బాగానే ఉన్నాను' అని మాత్రమే చెప్పే మన పిల్లలను ఎంతోమందిని చూశాను. ఆ మాట విన్న ప్రతిసారీ నేను ఇంకొక ప్రశ్న అడుగుతాను.

ఆ ప్రపంచకప్‌లో అమెరికా త్వరగానే వెనుదిరిగినా, నాలుగు మ్యాచ్‌ల ఆటలో ఆ జట్టు మీద పడిన గోల్ ఒక్కటే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆరు మ్యాచ్‌లకు రెండే పడ్డాయి. నాకౌట్ దశలో ఒక్కటీ పడలేదు, అందులో రెండు మ్యాచ్‌లు అదనపు సమయం దాకా సాగినవి. ఫైనల్‌లో బ్రెజిల్ మీద 1-0తో గెలిచి స్వర్ణం అందుకున్నారు. తాను చూసినవారిలో ఇంతటి డిఫెండర్ లేదని కోచ్ ఎమా హేస్ అన్నారు. ఎదుటివారు బంతిని ఎటు పంపబోతున్నారో ముందే పసిగట్టి అక్కడికి చేరిపోవడం ఆమె ఆటలోని గొప్పతనం. అందుకే కాలు అడ్డం పెట్టి పడిపోవలసిన అవసరం ఆమెకు అరుదుగా వస్తుంది. మా అమ్మాయికి ఆ వీడియోలను ఆపి ఆపి చూపిస్తాను: బంతిని కాదు, ఆమె కళ్లు ఎటు తిరుగుతున్నాయో చూడమంటాను.

2025 జనవరిలో లండన్‌లోని చెల్సీ క్లబ్ ఆమెను పది లక్షల డాలర్లకు పైగా చెల్లించి తీసుకుంది. మహిళల ఫుట్‌బాల్‌లో బదిలీ రుసుము ఆ గీత దాటడం అదే మొదటిసారి, అదీ గోల్స్ కొట్టే ఆమె కోసం కాదు, ఆపే ఆమె కోసం. దేశం దాటి వచ్చినవారి కూతురు, ఉద్యోగం కోసం తానూ దేశం దాటింది. ఆ వార్త చదివి వినిపించినప్పుడు మా అమ్మాయి డబ్బు గురించి ఏమీ అడగలేదు.

"నాన్నా, లండన్‌లో నయోమి వాళ్ల నాన్న పేరు సరిగ్గా పలుకుతారా?" అని అడిగింది.