అమీర్‌పేట వెళ్లకుండా అనంతపురం నుంచే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ

రెడ్ హ్యాట్ కంపెనీ పెట్టే లైనక్స్ అడ్మిన్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పాసయ్యానని నిన్న రాత్రి మెయిల్ వచ్చింది. 300కి 210 వస్తే పాస్, నాకు అంతకంటే బాగానే వచ్చాయి. పరీక్షలో ఏమడిగారని మెసేజ్‌లు పెట్టకండి, బయట చెప్పబోమని ఒప్పుకున్నాకే మనల్ని రాయనిస్తారు. ఇంట్లో ప్రాక్టీస్ చేసిన ఒక్క స్క్రిప్ట్ గురించి చెప్తాను.

షెల్ స్క్రిప్టింగ్ (టెర్మినల్ కమాండ్లను ఒక ఫైల్లో రాసి వరసగా నడిపించడం) అనగానే చాలామంది ఇఫ్, ఫర్ లూప్‌లకు రెండు ఉదాహరణలు బట్టీ పట్టి వదిలేస్తారు. నేను ఒక పని పెట్టుకున్నాను: ప్రతి యూజర్‌కూ హోమ్ డైరెక్టరీ (సొంత ఫోల్డర్) ఉందా, దాని ఓనర్ ఆ యూజరేనా, పర్మిషన్ 700 (వేరే మామూలు యూజర్లు తెరవలేని సెట్టింగ్) ఉందా అని తనిఖీ చేయడం. పాస్‌వర్డ్ ఫైల్లో యూజర్ల జాబితా ఉంటుంది, లైనుకు ఏడు ఫీల్డులు. మూడోది యూఐడీ (యూజర్ నంబరు), ఆరోది హోమ్. యూఐడీ 1000 లోపుంటే సిస్టమ్ అకౌంట్లు, 65534 అయితే నోబడీ (ఏ మనిషికీ చెందని అకౌంట్), వీటిని వదిలేయాలి.

ఫర్ లూప్‌తో అవుట్‌పుట్ అంతా చిందరవందరైంది. ఐదో ఫీల్డులో పూర్తి పేరున్న చోట, మధ్యలోని ఖాళీ దగ్గర లైను తెగిపోతోంది. లైను తర్వాత లైను చదివే వైల్ రీడ్ పెట్టి, ఫీల్డులను ఎక్కడ విడగొట్టాలో చెప్పే ఐఎఫ్ఎస్‌కు కోలన్ ఇస్తే కుదిరింది. అసలు మజా ఆ తర్వాతే. ఎప్పుడో తీసేసిన యూజర్ ఫోల్డర్‌కు కొత్త యూజర్ ఓనర్‌గా కనిపించాడు! యూజర్‌ను తీసేసే యూజర్‌డెల్ కమాండ్‌ను మైనస్ ఆర్ లేకుండా కొడితే అకౌంట్ పోతుంది, ఫోల్డర్ మిగులుతుంది. డిస్క్ మీద ఓనర్‌గా రాసి ఉండేది పేరు కాదు, నంబరు. అదే నంబరు తర్వాత చేరినవాడికి వస్తే పాత ఫైళ్లన్నీ వాడివైపోతాయి. ఓనర్ లేని ఫైళ్లను వెతకమని ఫైండ్ కమాండ్‌కు నోయూజర్ ఇచ్చినా దొరకవు, ఆ నంబరుకు ఇప్పుడు మనిషి ఉన్నాడు కదా. అందుకే హోమ్ కింద ఫోల్డర్ల వైపు నుంచి కూడా తనిఖీ చేసే రెండో లూప్ చేర్చాను. యూఐడీలు, ఓనర్‌షిప్, పర్మిషన్లు అన్నీ ఆ ఒక్క రాత్రిలో బుర్రకెక్కాయి.

ఎల్‌వీఎం (డిస్క్ స్థలాన్ని పంచడం), ఎస్ఈలైనక్స్ (భద్రతా నియమాలు), ఎఫ్ఎస్‌ట్యాబ్ (బూట్ అయ్యేటప్పుడు కలపాల్సిన డిస్కుల జాబితా) గురించి కొత్తగా చెప్పేదేం లేదు. చేతులతో చేయండి, రీబూట్ కొట్టి మళ్లీ చూడండి.

హైదరాబాద్ పోకుండా ఏం నేర్చుకుంటావురా అన్నవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. పాత ల్యాప్‌టాప్, రెండు వర్చువల్ మెషీన్లు, రోజూ పొద్దున్నే లేవడం, ఇంతే నా కోచింగ్. డంప్స్ (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు) కొన్నవాళ్లను తిట్టను గానీ, మూడు గంటలు నెట్ లేకుండా టెర్మినల్ ముందు కూర్చున్నప్పుడు సిస్టమ్‌లోనే ఉండే కమాండ్ల వివరాలు, అంటే మ్యాన్ పేజీలే దిక్కు. అవి చదవడం ఇప్పుడే అలవాటు చేసుకోండి.

నా స్క్రిప్ట్ మాత్రం అడగకండి, ఇవ్వను. మీరు రాసి, ఎక్కడ ఆగిందో ఎర్రర్‌తో సహా పెడితే కూర్చొని చూస్తాను. ఈ ఆదివారం తప్ప, ధర్మవరంలో పెళ్లి ఉంది.