పియానో ఒక్కటే ఉంటే జాన్ కేజ్ ముందు, షోపాన్ తర్వాత

సోలో పియానో కచేరీలో పాత స్వరకర్తలు షోపాన్, రవేల్‌లతో పాటు వాళ్ల తర్వాతి కాలపు అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ కృతి కూడా ఉంటే, కాలక్రమం చూసుకుని కేజ్‌ని చివర్లో వేయడం మామూలు. హాల్లో ఉన్నది ఒకే ఒక్క పియానో అయినప్పుడు ఆ వరస కుదరదు.

కేజ్ ‘సొనాటాస్ అండ్ ఇంటర్‌లూడ్స్’ (1946–48) వాయించాలంటే 45 మీటల తాలూకు తీగల మధ్య స్క్రూలు, బోల్టులు, నట్లు, రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలు పెట్టాలి. దానికి రెండు మూడు గంటలు పడుతుంది. ఇరవై నిమిషాల విరామంలో అయ్యే పని కాదు. తీసేయడం మాత్రం తొందరగానే అయిపోతుంది. అందుకే కేజ్ మొదటి సగంలో ఉండాలి. (ఈ కృతికి ప్రేరణ మన నవరసాలేనని ఆయన చెప్పుకున్నాడు. ఏ సొనాటా ఏ రసమో మాత్రం చెప్పలేదు.)

అమర్చేటప్పుడు కుడి పెడల్ తొక్కిపెట్టి ఉంచాలి, డాంపర్లు (తీగల మోత ఆపే మెత్తలు) తీగల మీద నుంచి లేస్తాయి. సన్నటి చెక్క ముక్కతో తీగల్ని కాస్త ఎడం చేసి స్క్రూ దించాలి. బలవంతంగా తిప్పితే తీగ గీసుకుపోతుంది. స్క్రూ మరీ సన్నదైతే వాయిస్తుండగా జారిపోతుంది, మరీ లావైతే తీగ పక్కకు వంగి శ్రుతి తప్పుతుంది. డాంపర్ నుంచి ఎంత దూరంలో పెట్టాలో కేజ్ అంగుళాల్లో పట్టిక ఇచ్చాడు. పియానో పరిమాణం మారితే తీగ పొడవూ మారుతుంది, అదే కొలతకు వేరే నాదం పలుకుతుంది. కాబట్టి పట్టికతో మొదలుపెట్టి చెవితో సరిచేసుకోవడమే.

ఎడమ పెడల్‌నీ మర్చిపోకూడదు. అది తొక్కితే తీగను కొట్టే సుత్తి కుడికి జరిగి, ఒక్కో స్వరానికి ఉండే మూడు తీగల్లో ఎడమది వదిలేస్తుంది. స్క్రూ ఎడమ నుంచి రెండో, మూడో తీగల మధ్య ఉందనుకోండి: పెడల్ లేకుండా మొదటి తీగ మామూలు స్వరం కూడా కలిసి వినిపిస్తుంది, పెడల్‌తో లోహపు మోత ఒక్కటే మిగులుతుంది.

విరామంలో ముక్కలన్నీ ట్రేలో వేసి లెక్కపెట్టాలి. ఒక్క నట్టు సౌండ్‌బోర్డు (తీగల కింద నాదాన్ని పెంచే చెక్క పలక) మీద పడి ఉన్నా షోపాన్ మెల్లగా పలికే చోటల్లా జుయ్యిమంటుంది. ఆ తర్వాత ట్యూనర్ స్క్రూలు పెట్టిన స్వరాల్లో తీగలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో చూడాలి. ముందు మధ్య స్థాయి, టైం ఉంటే మిగతావి. షోపాన్ మొదటి బ్యాలడ్ ఆరంభంలో రెండు చేతులూ ఒకే వరసను ఒక స్థాయి ఎడంతో వాయిస్తాయి, కింద వేరే స్వరాల అండ ఉండదు. అక్కడ ఒక్క తీగ తేడా కొట్టినా వెనక వరసలో కూర్చున్నవాడికీ తెలిసిపోతుంది.

శ్రుతి తాజాగా ఉన్నప్పుడే ఆ బ్యాలడ్ వాయించేసి, రవేల్ ‘గాస్పార్ ద లా నూయీ’ (1908) చివరికి ఉంచాలి. అందులో మూడో భాగమైన ‘స్కార్బో’ నిండా ఒకే మీట మీద వేగంగా పడే దెబ్బలు. మీట పూర్తిగా పైకి రాకముందే మళ్లీ పలకాలి. మీట నుంచి సుత్తిని కదిపే యంత్రం బిగువు సరిగ్గా లేకపోతే మధ్యలో కొన్ని దెబ్బలు పలకవు. ఆ మీటల్ని ట్యూనర్ చేత ఉదయమే, స్క్రూలు పెట్టకముందే చూపించాలి.