రేడియో సిటీలో షో కన్నా హాలే ఎక్కువ చూశాను

న్యూజెర్సీలో అమ్మాయి వాళ్లింట్లో ఉండగా, డిసెంబర్‌లో న్యూయార్క్ వెళ్లి రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో క్రిస్మస్ షో చూశాం. టికెట్ల రేటు అడగొద్దన్నాడు అల్లుడు, అడగలేదు. పెన్ స్టేషన్లో రైలు దిగి సిక్స్త్ అవెన్యూ వెంట ఆ చలిలో, ఆ జనంలో 50వ వీధి దాకా నడిచేసరికి ముక్కు ఉందో ఊడిందో తెలియలేదు.

లోపలికెళ్లాక చలి సంగతే మర్చిపోయా. లాబీ ఎత్తే 60 అడుగులు, మెట్ల పైన గోడంతా ఒకటే చిత్రం. ఈ హాలు తెరిచింది 1932 డిసెంబర్ 27న, అంటే అమెరికాలో ఉద్యోగాలు పోయి జనం రొట్టె కోసం క్యూలు కట్టిన రోజుల్లో! తమాషా ఏంటంటే మొదటిరోజు ప్రోగ్రాం అర్ధరాత్రి దాటినా తెమల్లేదట, రెండు వారాలకల్లా దారికొచ్చి సినిమా, దాంతోపాటు స్టేజి షో అని మార్చేశారు. 1978లో నష్టాలొచ్చి మూసేస్తామంటే ఇక్కడి డాన్సర్లే గట్టిగా పోరాడారు, లోపలి భాగాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించడంతో బతికింది.

హాల్లో దాదాపు 6,000 సీట్లు, అయినా కళ్లకు అడ్డంగా ఒక్క స్తంభం లేదు. స్టేజి చుట్టూ బంగారు రంగు కమానులు అస్తమించే సూర్యుడిలా ఉంటాయి. స్టేజి మూడు ముక్కలు, కింద హైడ్రాలిక్ లిఫ్టులు, వాద్య బృందం మొత్తం కూర్చున్నది కూర్చున్నట్టే పైకి లేస్తుంది. ఇంకో వింత రెండో బాల్కనీ మగవాళ్ల గదిలో: అల్యూమినియం రేకు మీద అచ్చేసిన వాల్‌పేపర్, దాని పేరు నికోటిన్, బొమ్మలన్నీ పొగాకు కథే. ఒకప్పుడు సిగరెట్లు కాల్చుకునే గదట. ఒంగోలు దగ్గర పొగాకు ఆరబెట్టే కొట్టాల (బ్యారన్ల) మధ్య పెరిగినవాణ్ణి, నాకు నవ్వాగలేదు.

షోలో ఒంటెలు నిజంగానే వచ్చాయి. కానీ అసలు సరుకు రాకెట్స్ అనే ఇక్కడి డాన్సు బృందం, 36 మంది అమ్మాయిలు ఒకే వరసలో కాలెత్తితే కంటి దాకా లేస్తుంది. పొడుగువాళ్లని మధ్యలో, పొట్టివాళ్లని చివర్లలో పెడతారు కాబట్టి అందరూ ఒకే ఎత్తు అనిపిస్తుంది. 1933 నుంచీ చేస్తున్న చెక్క సిపాయిల ఐటంలో ఒకరి మీద ఒకరు మెల్లగా, మరీ మెల్లగా వెనక్కి పడిపోతారు, హాలంతా ఊపిరి బిగబట్టింది.

వెళ్లేవాళ్లు ముందు వరసల కోసం డబ్బు తగలేయకండి. మేం మూడో బాల్కనీలోనే కూర్చున్నాం, ఆ వరసల అందం పైనుంచి చూస్తేనే తెలుస్తుంది.